అమెరికాలో ఆహ్వానం, మన దగ్గర సరిహద్దు: కళాశాల జట్టు ఎవరితో ఆడాలో నిర్ణయించేదెవరు?

భేస్తాన్ (సూరత్): సూరత్ నగర దక్షిణ భాగంలో, ముంబయి–అహ్మదాబాద్ రైలు మార్గంపై ఉధ్నా, సచిన్ స్టేషన్ల నడుమ ఉన్న ప్రాంతం భేస్తాన్. ఇక్కడి నుంచి డిగ్రీ కళాశాలకు వెళ్లే తెలుగు విద్యార్థి కబడ్డీలో రాణించి విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికైతే, అతడు మొదట తలపడేది మహారాష్ట్ర, రాజస్థాన్, మధ్యప్రదేశ్, గోవా విశ్వవిద్యాలయాల జట్లతో. కరీంనగర్‌లో చదువుకుంటున్న అతడి మేనమామ కొడుకు అదే ఆటలో అదే స్థాయికి చేరితే, ఎదురయ్యేది తమిళనాడు, కర్ణాటక, కేరళ, ఆంధ్రప్రదేశ్ జట్లు. ఈ తేడాను విద్యార్థులు ఎంచుకోలేదు. వారి కళాశాలలూ ఎంచుకోలేదు. కళాశాల ఏ విశ్వవిద్యాలయ పరిధిలో ఉంది, ఆ విశ్వవిద్యాలయం ఏ రాష్ట్రంలో ఉంది అన్న రెండు అంశాలే దానిని నిర్ణయించాయి.

అమెరికాలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ విశ్వవిద్యాలయాలు తాము ఎవరితో ఆడాలో తామే నిర్ణయించుకుంటాయి. ‘కాన్ఫరెన్స్’ అనే కూటములుగా ఏర్పడి, కొత్త సభ్యులను ఆహ్వానించి, ఓటు వేసి చేర్చుకుంటాయి. అనుకూలించకపోతే కోట్ల డాలర్ల పరిహారం చెల్లించి మరో కూటమికి తరలిపోతాయి. శతాబ్దానికి పైగా చరిత్ర ఉన్న ఒక కూటమి 2024లో ఈ ఒరవడిలోనే దాదాపు ఖాళీ అయింది. అక్కడ కొత్త సభ్యుడి ఎంపిక ఎలా జరుగుతుంది, మన దేశంలో అమలులో ఉన్న జోన్ల విధానం దానికి ఎంత భిన్నమైనది, రెండింటిలో విద్యార్థికి దక్కేది ఏమిటన్నది పరిశీలిద్దాం.

కాన్ఫరెన్స్ అంటే ఏమిటి?

అమెరికా కళాశాల క్రీడలకు ప్రధాన నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ. 1906లో ఏర్పడిన ఈ సంస్థలో వెయ్యికి పైగా విద్యాసంస్థలకు సభ్యత్వం ఉంది. 1973 నుంచి వీటిని మూడు డివిజన్లుగా విభజించారు. భారీ ఖర్చు, పూర్తి స్థాయి క్రీడా ఉపకార వేతనాలు మొదటి డివిజన్ లక్షణాలు. మూడో డివిజన్‌లో ఆట ఆధారంగా ఉపకార వేతనం ఇవ్వరాదు.

ఎన్‌సీఏఏ నియమావళి రూపొందిస్తుంది, జాతీయ పోటీలు నిర్వహిస్తుంది. కానీ ఏడాది పొడవునా ఎవరు ఎవరితో ఆడాలన్నది కాన్ఫరెన్స్ చేతిలో ఉంటుంది. ఎనిమిది నుంచి పద్దెనిమిది వరకు విశ్వవిద్యాలయాలు ఒక కూటమిగా ఏర్పడి, తమలో తాము లీగ్ పోటీలు ఆడుకుంటాయి. టెలివిజన్ ప్రసార హక్కులను ఉమ్మడిగా అమ్మి, వచ్చిన సొమ్మును పంచుకుంటాయి. కూటమి విజేతకు అనేక క్రీడల్లో జాతీయ పోటీకి నేరుగా అర్హత లభిస్తుంది.

కూటముల పేర్లు చాలా వరకు పాతకాలపు భౌగోళిక హద్దులను సూచిస్తాయి. నేటి వాస్తవంతో వాటికి పొంతన తక్కువ. 1896లో మొదలైన ‘బిగ్ టెన్’లో ఇప్పుడు 18 మంది సభ్యులు ఉన్నారు. ‘బిగ్ 12’లో 16 మంది ఉన్నారు. అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ‘అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్’లో పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు ఆడుతున్నాయి.

నిర్ణయం ఎవరిది?

కొత్త సభ్యుడిని చేర్చుకునే అధికారం శిక్షకులకు గానీ, క్రీడా విభాగాధిపతులకు గానీ ఉండదు. సభ్య విశ్వవిద్యాలయాల అధ్యక్షులు లేదా చాన్స్‌లర్లతో కూడిన మండలి ఓటు వేస్తుంది. కూటమికి ‘కమిషనర్’ అనే ముఖ్య నిర్వహణాధికారి ఉంటారు. ప్రసార సంస్థలతో మంతనాలు, ఆర్థిక అంచనాలు, సంభావ్య సభ్యులతో రహస్య సంప్రదింపులు ఆయన బాధ్యత. చివరి ముద్ర మాత్రం అధ్యక్షులదే.

సాధారణ మెజారిటీ చాలదు. అనేక కూటముల్లో మూడు వంతులు లేదా అంతకు మించిన మద్దతు అవసరం. 2021లో టెక్సాస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు ఎస్‌ఈసీలో చేరడానికి దరఖాస్తు చేసినప్పుడు, 14 మంది సభ్యుల్లో 11 మంది ఆమోదం కావలసి వచ్చింది. సొంత రాష్ట్రంలో పోటీ పెరుగుతుందన్న కారణంతో టెక్సాస్ ఏ అండ్ ఎం తొలుత అసంతృప్తి వ్యక్తం చేసినా, జూలై 29న 14–0తో తీర్మానం నెగ్గింది. 2023 సెప్టెంబరు 1న అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో పరిస్థితి అంత సాఫీగా లేదు. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా, ఎస్‌ఎంయూల చేరికకు 15 ఓట్లలో 12 అవసరం కాగా, సరిగ్గా 12 వచ్చాయి. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, నార్త్ కరోలినా వ్యతిరేకించాయి. మొదట వెనుకాడిన నార్త్ కరోలినా స్టేట్ మద్దతు ఇవ్వడంతోనే తీర్మానం గట్టెక్కింది.

చేరే విశ్వవిద్యాలయం వైపు కూడా ఆమోదం కావాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే పాలక మండలి అంగీకారం తప్పనిసరి. యూసీఎల్‌ఏ 2022 జూన్ 30న బిగ్ టెన్‌కు వెళ్తున్నట్లు ప్రకటించగా, దాని పాలక మండలి ఆ ఏడాది డిసెంబరులో 11–5 ఓట్లతో, అదీ షరతుతో, అనుమతించింది. యూసీఎల్‌ఏ వెళ్లిపోవడం వల్ల అదే ప్రభుత్వ వ్యవస్థలోని బర్కిలీ నష్టపోతుంది కాబట్టి, దానికి పరిహారం చెల్లించాలన్నది ఆ షరతు. 2024లో ఆ మొత్తాన్ని ఏడాదికి కోటి డాలర్లుగా ఖరారు చేశారు.

ఏయే అంశాలను బేరీజు వేస్తారు?

మొదటిది ప్రసార విలువ. కొత్త సభ్యుడు చేరితే ఒప్పందం మొత్తం ఎంత పెరుగుతుంది అన్నది కాదు, ఒక్కో సభ్యుడికి అందే వాటా పెరుగుతుందా తగ్గుతుందా అన్నది అసలు ప్రశ్న. ఉదాహరణకు పది మంది వంద రూపాయలు పంచుకుంటే ఒక్కొక్కరికి పది వస్తుంది. పదకొండో సభ్యుడి రాకతో మొత్తం నూట ఐదుకే చేరితే, పాత సభ్యులందరూ నష్టపోయినట్లే. 2022 ఆగస్టులో బిగ్ టెన్ మూడు ప్రసార సంస్థలతో కుదుర్చుకున్న ఏడేళ్ల ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటే. లాస్ ఏంజెలస్ విపణిని వెంట తెచ్చే రెండు విశ్వవిద్యాలయాల చేరిక ప్రకటించిన కొద్ది వారాలకే ఆ ఒప్పందం వెలువడింది.

రెండోది భౌగోళిక స్థానం. దీనికి రెండు ముఖాలు ఉన్నాయి. దగ్గరలో ఉన్న సభ్యుడితో ప్రయాణ ఖర్చు తగ్గుతుంది. దూరంగా ఉన్న సభ్యుడితో కొత్త రాష్ట్రంలో ప్రేక్షకులు, పాఠశాల స్థాయి క్రీడాకారులను ఆకర్షించే అవకాశం లభిస్తాయి.

మూడోది విద్యా ప్రమాణం. బిగ్ టెన్ చిరకాలం పాటు పరిశోధనా విశ్వవిద్యాలయాల సంఘమైన ఏఏయూ సభ్యత్వానికి పెద్ద పీట వేసింది. 2010లో చేరిక ఖరారైన నెబ్రాస్కా మరుసటి ఏడాదే ఆ సభ్యత్వాన్ని కోల్పోయింది; అయినా కూటమిలో కొనసాగుతోంది. ఐవీ లీగ్ మాత్రం విద్యనే గీటురాయిగా నిలుపుకొంది. 1954 ఒప్పందంతో రూపుదిద్దుకున్న ఆ కూటమిలో అప్పటి ఎనిమిది సంస్థలే నేటికీ ఉన్నాయి. అక్కడ క్రీడా ఉపకార వేతనాలు లేవు.

నాలుగోది క్రీడల జాబితా, వసతులు. కూటమి నిర్వహించే క్రీడల్లో ఎన్నింటిలో కొత్త సభ్యుడికి జట్లు ఉన్నాయి, మహిళల జట్లు నిబంధనల మేరకు ఉన్నాయా, మైదానాలు, వ్యాయామశాలలు ఏ స్థాయిలో ఉన్నాయి అన్నవి పరిశీలిస్తారు. ఐదోది ఆర్థిక స్థోమత: విశ్వవిద్యాలయం తన క్రీడా విభాగాన్ని నిలకడగా పోషించగలదా అన్నది.

మారిన కాలంలో ఈ అంశాల వరుస కూడా మారింది. 1946లో చికాగో విశ్వవిద్యాలయం బిగ్ టెన్ నుంచి తప్పుకుంది. పోటీ క్రీడల కోసం తన విద్యా విధానాన్ని మార్చుకోవడానికి అది సిద్ధపడలేదు. ఖాళీ అయిన స్థానంలోకి 1949లో మిషిగన్ స్టేట్‌ను తీసుకున్నారు. దాని ఫుట్‌బాల్ జట్టు కూటమి పోటీల్లో అడుగుపెట్టింది 1953లో. ఒక సభ్యుడి స్థానం భర్తీకి, కొత్త జట్టు పూర్తి స్థాయిలో ఆడటానికి అప్పట్లో ఏడేళ్లు పట్టింది. 2023 ఆగస్టు 4న ఒక్క రోజులోనే ఐదు విశ్వవిద్యాలయాలు ఒక కూటమిని వీడి మరో రెండు కూటముల్లోకి మారుతున్నట్లు ప్రకటించాయి.

ఎనిమిదో సభ్యుడి కోసం వేట

ఆ రోజు నష్టపోయిన కూటమి పేరు పాక్-12. దాని మూలాలు 1915లో ఉన్నాయి. ప్రసార ఒప్పందం గడువు దగ్గర పడినా సంతృప్తికరమైన కొత్త ఒప్పందం కుదరకపోవడంతో సభ్యులు ఒక్కొక్కరుగా నిష్క్రమించారు. మొదట యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, తర్వాత కొలరాడో, ఆపై వాషింగ్టన్, ఒరెగాన్, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా, చివరకు స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా. 2024 ఆగస్టు నాటికి పన్నెండులో పది వెళ్లిపోగా, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మిగిలాయి. ఈ రెండూ చిన్న పట్టణాల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు. పెద్ద విపణి లేకపోవడమే వాటికి శాపమైంది. కూటమి ఆస్తులపై అధికారం ఎవరిదన్న వివాదం న్యాయస్థానానికి వెళ్లి, చివరకు ఆ రెండింటికీ అనుకూలంగా ముగిసింది.

ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం ఉన్నత స్థాయి ఫుట్‌బాల్ కూటమిలో కనీసం ఎనిమిది ఫుట్‌బాల్ జట్లు ఉండాలి. సభ్యులు తగ్గిన కూటమికి రెండేళ్ల వెసులుబాటు లభిస్తుంది. పాక్-12కు ఆ గడువు 2026 జూలై 1. ఈ నేపథ్యంలో 2024 సెప్టెంబరు 12న బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్ చేరుతున్నట్లు కూటమి ప్రకటించింది. ఆ నెలలోనే యూటా స్టేట్ కూడా జతకూడింది. ఇవన్నీ పొరుగు కూటమి అయిన మౌంటెయిన్ వెస్ట్ సభ్యులు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇద్దరే మిగిలిన పాక్-12, 2024 సీజనులో ఆటలు దొరకక మౌంటెయిన్ వెస్ట్‌తోనే ఒప్పందం చేసుకుంది. తమ సభ్యులను లాక్కుంటే మొదటి సభ్యుడికి కోటి డాలర్లు, ఆపై ప్రతి ఒక్కరికీ మరో ఐదు లక్షల డాలర్ల చొప్పున పెంచుతూ చెల్లించాలని అందులో నిబంధన ఉంది. ఆ లెక్కన ఐదుగురికి అయ్యే మొత్తం ఐదున్నర కోట్ల డాలర్లు. ఆ నిబంధన పోటీ చట్టాలకు విరుద్ధమంటూ పాక్-12 న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. వెళ్లిపోతున్న విశ్వవిద్యాలయాలు విడిగా చెల్లించవలసిన నిష్క్రమణ రుసుము దీనికి అదనం.

2024 అక్టోబరు 1న గొంజాగా చేరింది. బాస్కెట్‌బాల్‌లో దానికి జాతీయ ఖ్యాతి ఉంది. కానీ దానికి ఫుట్‌బాల్ జట్టు లేదు. సభ్యుల సంఖ్య ఎనిమిదికి చేరినా ఫుట్‌బాల్ జట్లు ఏడే. ఎనిమిదో ఫుట్‌బాల్ జట్టు ఎవరిదన్న ప్రశ్నకు తొమ్మిది నెలల తర్వాత జవాబు దొరికింది: టెక్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం.

ఈ ఎంపికను గమనిస్తే పైన చెప్పుకున్న అంశాలన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల నడుమ శాన్ మార్కోస్‌లో ఉన్న ఈ విశ్వవిద్యాలయంలో సుమారు 40 వేల మంది విద్యార్థులు చదువుతున్నారు. అమెరికా మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పట్టభద్రుడైనది ఇక్కడే. పసిఫిక్ తీరంతో దానికి సంబంధం లేదు. కానీ ఫుట్‌బాల్ క్రీడాకారుల గనిగా పేరున్న టెక్సాస్‌లో అడుగుపెట్టడానికి, పెద్ద విపణిని ప్రసార సంస్థలకు చూపడానికి అది వీలు కల్పిస్తుంది. ప్రసార ఒప్పందం విషయంలో 2025 జూన్‌లో స్పష్టత వచ్చిన వారం రోజుల్లోనే ఆహ్వానం అందింది. జూన్ 30న విశ్వవిద్యాలయ పాలక మండలి సమావేశమై ఆమోదించింది. ఆ తేదీ యాదృచ్ఛికం కాదు. అప్పటి వరకు ఉన్న సన్ బెల్ట్ కూటమికి ఆ రోజులోగా నోటీసు ఇస్తే 50 లక్షల డాలర్లు, ఒక్క రోజు దాటితే కోటి డాలర్లు చెల్లించవలసి ఉండేది.

చేరికకు మూల్యం

కొత్తగా వచ్చేవారికి పాతవారితో సమాన వాటా దక్కుతుందన్న హామీ లేదు. డాలస్‌లోని ఎస్‌ఎంయూ అట్లాంటిక్ కోస్ట్ కూటమిలో చేరడానికి తొమ్మిదేళ్ల పాటు ప్రసార ఆదాయంలో వాటా వదులుకోవడానికి అంగీకరించింది. సంపన్న పూర్వ విద్యార్థుల విరాళాలతో ఆ లోటు పూడ్చుకోగలమన్నది దాని లెక్క. అదే కూటమిలో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా తొలి ఏళ్లలో సుమారు 30 శాతం వాటాతో సరిపెట్టుకున్నాయి.

కింది మెట్టు నుంచి పైకి ఎక్కేవారికి మరో ఖర్చు ఉంది. ఉన్నత స్థాయి ఫుట్‌బాల్‌లోకి మారడానికి ఎన్‌సీఏఏకు చెల్లించే రుసుమును 2023లో 5 వేల డాలర్ల నుంచి ఏకంగా 50 లక్షల డాలర్లకు పెంచారు. అంతకు మించి, ఏదో ఒక కూటమి నుంచి నికార్సయిన ఆహ్వానం ఉంటే తప్ప దరఖాస్తే చెల్లదు. అంటే, కూటమి తలుపు తెరిస్తేనే జాతీయ సంస్థ తలుపు తెరుచుకుంటుంది.

విద్యార్థికి మిగిలేది ఏమిటి?

ఈ ఒప్పందాలు ప్రధానంగా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కోసం కుదిరినవి. భారం మాత్రం అన్ని క్రీడలపైనా పడుతుంది. లాస్ ఏంజెలస్‌లోని యూసీఎల్‌ఏకు న్యూజెర్సీలోని రట్గర్స్ ఇప్పుడు కూటమి సహచరుడు. ఆ రెండింటి మధ్య దూరం సుమారు 3,900 కిలోమీటర్లు. ఢిల్లీ–చెన్నై విమాన దూరానికి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్క ఆట ఆడుతుంది కాబట్టి సర్దుకోగలదు. వారంలో ఒకటికి మించి ఆటలు ఆడే వాలీబాల్, సాఫ్ట్‌బాల్, టెన్నిస్ క్రీడాకారులకు తరగతులు, పరీక్షలు, నిద్ర అన్నీ దెబ్బతింటాయి. మూడు కాల మండలాలు దాటి వచ్చి మరుసటి ఉదయం తరగతికి హాజరు కావడం వారి దైనందిన సమస్య.

తెలుగువారికి ఇది దూరపు ముచ్చట కాదు. టెన్నిస్ క్రీడాకారుడు సాకేత్ మైనేని ఎస్‌ఈసీ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటైన అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడారు. తెలంగాణకు చెందిన సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌కు ప్రాతినిధ్యం వహించారు. ఆ విశ్వవిద్యాలయం 2021లో సౌత్‌లాండ్ నుంచి వెస్టర్న్ అథ్లెటిక్ కూటమికి, 2023లో అక్కడి నుంచి కాన్ఫరెన్స్ యూఎస్‌ఏకు మారింది. రెండేళ్ల వ్యవధిలో రెండు మార్పులు. తెలుగు విద్యార్థులకు చిరపరిచితమైన డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం కూడా మూడో డివిజన్ నుంచి రెండో డివిజన్‌లోని లోన్ స్టార్ కూటమిలోకి మారింది.

ఆడని విద్యార్థికీ ఇందులో పాత్ర ఉంది. అమెరికాలోని అనేక ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు తప్పనిసరి రుసుముల్లో భాగంగా క్రీడా విభాగం కోసం కొంత మొత్తం వసూలు చేస్తాయి. టెలివిజన్ ఆదాయం తక్కువగా ఉన్న మధ్యస్థాయి విశ్వవిద్యాలయాల్లో ఈ ఆధారం మరింత ఎక్కువ. విద్యా రుణంతో వెళ్లిన విద్యార్థి రుసుము చీటీలో ఆ పద్దు ఉందేమో చూసుకుంటే, కూటమి మార్పు తనకు ఎందుకు సంబంధించినదో అర్థమవుతుంది.

మరో వైపు, 2025 జూన్ 6న న్యాయస్థానం ఆమోదించిన ఒక రాజీ ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు నేరుగా చెల్లింపులు చేసే వీలు కలిగింది. మొదటి ఏడాది ఒక్కో విద్యాసంస్థ గరిష్ఠంగా సుమారు 2.05 కోట్ల డాలర్లు పంచవచ్చు. దీంతో ఆదాయం ఎక్కువ ఉన్న కూటమిలో స్థానం మరింత కీలకమైంది.

మన దేశంలో జోన్ల లెక్క

భారతదేశంలో విశ్వవిద్యాలయాల మధ్య పోటీలను నిర్వహించేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా ఏర్పడిన ఈ సంస్థ 1973లో ప్రస్తుత పేరు పొందింది. పోటీల కోసం దేశాన్ని ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ జోన్లుగా విభజించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి దక్షిణ జోన్‌లో ఉన్నాయి. గుజరాత్, మహారాష్ట్ర, రాజస్థాన్, మధ్యప్రదేశ్, గోవా పశ్చిమ జోన్‌లో ఉన్నాయి.

ఇక్కడ ఆహ్వానం లేదు, ఓటింగు లేదు, నిష్క్రమణ రుసుము లేదు. కొత్త విశ్వవిద్యాలయం ఏర్పడి ఏఐయూ సభ్యత్వం పొందితే, అది ఉన్న చోటును బట్టి జోన్ ఖరారవుతుంది. కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్ వంటి జట్టు క్రీడల్లో మొదట జోన్ స్థాయి పోటీ జరుగుతుంది. సాధారణంగా ఒక్కో జోన్ నుంచి తొలి నాలుగు స్థానాల జట్లు అఖిల భారత పోటీకి వెళ్తాయి. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకు కూడా ఏఐయూ పోటీల ఫలితాలే ప్రధాన ప్రాతిపదిక.

జోన్ అనే భావనకు తెలుగు నేలతో ఒక ముడి ఉంది. విశ్వవిద్యాలయ క్రికెట్‌లో ఒక్కో జోన్‌లోని మేటి ఆటగాళ్లతో ఉమ్మడి జట్లు కట్టి ఆడే పోటీ పేరు విజ్జీ ట్రోఫీ. 1936లో ఇంగ్లండ్ పర్యటనలో భారత జట్టుకు నాయకత్వం వహించిన విజయనగరం రాజవంశీకుడు విజయానంద గజపతిరాజు పేరు మీద అది నడుస్తోంది.

సూరత్ విద్యార్థి దారి

సూరత్‌లోని మరమగ్గాల పరిశ్రమ తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలను తరాలుగా ఆకర్షించింది. నగరపాలక ప్రాథమిక విద్యా సమితి నడుపుతున్న ఏడు మాధ్యమాల పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఒకటి. ఆ పాఠశాలల నుంచి, లింబాయత్, ఉధ్నా వంటి పేటల నుంచి కళాశాలకు వెళ్లే తరం ఇప్పుడు పెరుగుతోంది.

ఈ ప్రాంతంలోని అనుబంధ కళాశాలలకు మాతృసంస్థ వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. 1965లో దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంగా ఏర్పడి, 2004లో సూరత్ కవి నర్మద్ పేరును చేర్చుకుంది. భేస్తాన్ విద్యార్థి దీని పరిధిలోని కళాశాలలో చేరితే, అతడి దారి ఇలా ఉంటుంది: కళాశాల జట్టు, అంతర్ కళాశాల పోటీ, విశ్వవిద్యాలయ ఎంపికలు, పశ్చిమ జోన్, ఆపై అఖిల భారత పోటీ. నగరంలోని ఏదైనా ప్రైవేటు విశ్వవిద్యాలయంలోనో, జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోనో చేరితే దారి మారుతుంది. అక్కడ అనుబంధ కళాశాలల రద్దీ ఉండదు. జట్టులో చోటు దక్కించుకోవడం సులువు కావచ్చు. కానీ జోన్ పోటీలో ఆ జట్టు నిలదొక్కుకోవడం కష్టం కావచ్చు.

భారతదేశంలో అమెరికా తరహా కూటమి మార్పుకు దగ్గరగా వచ్చేది ఈ అనుబంధం మార్పే. తెలుగు రాష్ట్రాలే దీనికి ఉదాహరణ. 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడే వరకు అక్కడి కళాశాలలు వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. మహబూబ్‌నగర్‌కు పాలమూరు, మచిలీపట్నానికి కృష్ణా, శ్రీకాకుళానికి అంబేడ్కర్ విశ్వవిద్యాలయాలు కూడా అదే ఏడాది వచ్చాయి. ఒక పెద్ద విశ్వవిద్యాలయం విడిపోయినప్పుడల్లా ఒక జట్టుకు బదులు రెండు జట్లు దక్షిణ జోన్‌కు వెళ్తాయి. కబడ్డీ జట్టులో పన్నెండు మందికి చోటుంటే, ఇప్పుడు ఇరవై నలుగురికి దొరుకుతుంది. అయితే మేటి ఆటగాళ్లు రెండుగా చీలిపోవడంతో గెలుపు అవకాశాలు తగ్గుతాయి. అమెరికాలో డాలర్ల రూపంలో వేసే లెక్కను ఇక్కడ అవకాశాల రూపంలో వేసుకోవలసి ఉంటుంది.

ఏ విధానం మేలు?

జోన్ల విధానంలో స్థిరత్వం ఉంది. టెలివిజన్ సంస్థ ఇష్టాయిష్టాలతో జట్టు గతి మారదు. చిన్న పట్టణంలో ఉందన్న కారణంతో ఏ విశ్వవిద్యాలయాన్నీ వెలి వేయరు. ఒరెగాన్ స్టేట్‌కు, వాషింగ్టన్ స్టేట్‌కు ఎదురైన పరిస్థితి ఇక్కడ ఎవరికీ రాదు.

లోటు మరో చోట ఉంది. అమెరికా కూటమిలో జట్టు నెలల తరబడి సొంత మైదానంలోనూ, ప్రత్యర్థి మైదానంలోనూ ఆడుతుంది. ఒక ఓటమి నుంచి కోలుకోవడానికి మరో వారం ఉంటుంది. మన దగ్గర జోన్ పోటీ ఒకే వేదికపై కొద్ది రోజుల్లో ముగుస్తుంది. పదుల సంఖ్యలో జట్లు రావడంతో నాకౌట్ పద్ధతి తప్పడం లేదు. ఏడాదంతా సాధన చేసిన జట్టు మొదటి రోజే ఒక్క ఆట ఓడి ఇంటిముఖం పట్టవచ్చు. పొరుగున ఉన్న ఆరేడు విశ్వవిద్యాలయాలు ఇంటా బయటా ఆడే చిన్న లీగ్ ఏర్పాటు చేసుకుంటే, జోన్ విధానాన్ని కదిలించకుండానే ఈ లోటును కొంతవరకు పూడ్చవచ్చు. రైలులో కొద్ది గంటల దూరంలో ఉన్న సూరత్, వడోదర, ఆణంద్, అహ్మదాబాద్ వంటి విశ్వవిద్యాలయ నగరాలకు ప్రయాణం పెద్ద అడ్డంకి కాదు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్‌లకైతే బస్సు ప్రయాణమే చాలు.

ఇది పతకాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో క్రీడా కోటాకు అర్హుల జాబితాలో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహించినవారు కూడా ఉన్నారు. మరమగ్గం మీద ఆధారపడిన కుటుంబానికి ఆ ధ్రువపత్రం విలువ ఎంతో చెప్పనవసరం లేదు. అందువల్ల కళాశాలలో చేరే ముందే మూడు విషయాలు అడిగి తెలుసుకోవడం మంచిది: ఆ కళాశాల ఏ విశ్వవిద్యాలయ పరిధిలో ఉంది, తన క్రీడలో ఆ విశ్వవిద్యాలయం ఏటా జట్టును పంపుతోందా, ఎంపికలు ఏ నెలలో, ఎక్కడ జరుగుతాయి. జోన్‌ను మార్చుకునే హక్కు విద్యార్థికి లేదు. ఏ తలుపు గుండా ఆ జోన్‌లోకి అడుగుపెట్టాలన్నది మాత్రం, ప్రవేశ దరఖాస్తు నింపే రోజున, అతడి చేతిలోనే ఉంటుంది.